కోర్టులో విడిపోయారు, రికార్డులో కలిసే ఉన్నారు: విడాకుల తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ దస్త్రం

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. వశిష్ఠ గోదావరికి ఇటు రాజోలు, మలికిపురం వైపు, అటు పాలకొల్లు, నరసాపురం వైపు విడాకులైన ఇళ్ల పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్ (కాలేజీ ఫీజు ప్రభుత్వం కట్టే పథకం) అడిగినప్పుడు తరచూ ఎదురయ్యే చిక్కుల్ని ఒకే దస్త్రంగా కూర్చాం. కుటుంబం వివరాలు, అంకెలు లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవి. నిబంధనలు, పరిమితులు మాత్రం ఉన్నవే.

కుటుంబం

తండ్రి ప్రభుత్వ శాఖలో చిన్న ఉద్యోగి, పాలకొల్లు దగ్గర కాపురం. సొంత కారుంది, ఏటా ఇన్‌కంటాక్స్ రిటర్ను వేస్తాడు. తల్లి లేసు అల్లికలు చేస్తుంది. 2024 చివర్లో హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకారంతో విడాకుల డిక్రీ వచ్చింది. ఒప్పందం ప్రకారం తల్లికి ఒకేసారి 6 లక్షలు, ఇద్దరు పిల్లల పోషణకు నెలకు 5,000. చించినాడ వంతెన దాటి తల్లి పిల్లలతో మలికిపురం మండలంలోని పుట్టింటికి వచ్చేసింది. కూతురిది బీసీ కోటా. 2025 ఎప్‌సెట్‌లో భీమవరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి 70,000, నాలుగేళ్లకు 2,80,000. కొడుకు పదో తరగతి.

జులైలో అర్హురాలు, అక్టోబరులో అనర్హురాలు

కౌన్సెలింగ్‌లో తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం చూపించారు. ఏడాదికి 1,50,000 అని రాసుంది. పరిమితి 2,50,000. అలాట్‌మెంట్ ఆర్డరులో రీయింబర్స్‌మెంట్ అర్హత ఉన్నట్టే వచ్చింది. ఇంట్లో అందరూ పని అయిపోయిందనుకున్నారు.

కాలేజీ వివరాల్ని జ్ఞానభూమిలో (స్కాలర్‌షిప్పుల ప్రభుత్వ వెబ్‌సైటు) ఎక్కించాక అవి గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ లాగిన్‌కి వస్తాయి. అక్కడ చూసేది ఒక్క ఆదాయ ధ్రువపత్రమే కాదు. విద్యార్థి ఆధార్ ఏ ‘ఇంటి’ కింద మ్యాప్ అయి (సచివాలయం రికార్డులో ఏ కుటుంబంలో చేరి) ఉందో ఆ ఇంట్లో ఉన్న అందరి ఆధార్ నంబర్లనూ ఇతర శాఖల రికార్డులతో సరిచూస్తారు. ప్రభుత్వ ఉద్యోగి లేదా పింఛనుదారు ఉన్నారా (పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు), నాలుగు చక్రాల బండి ఉందా (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు), ఆదాయపు పన్ను కట్టేవారున్నారా, మాగాణి 10 ఎకరాలు గానీ మెట్ట 25 ఎకరాలు గానీ దాటిందా, పట్టణంలో పెద్ద ఆస్తి ఉందా. ఒక్కదానికి ‘అవును’ పడినా అనర్హతే.

ఈ అమ్మాయికి మూడు పడ్డాయి: ఉద్యోగం, కారు, పన్ను. మూడూ తండ్రివే. సచివాలయంలో జరిగిన మాట ఇంతే:

“అమ్మా, సిస్టమ్‌లో మీ ఇంటి పెద్ద మీ ఆయనేనండి.”

“మా ఆయనేంటండీ, కోర్టులో అయిపోయి ఏడాది కావస్తోంది కదండీ.”

ఇద్దరూ చెప్పింది నిజమే. డిక్రీ ఇచ్చినంత మాత్రాన కోర్టు సచివాలయానికి కబురు పంపదు. డిక్రీని రికార్డులోకి ఎక్కించే పని పార్టీలదే. ఆ సంగతి చెప్పాల్సింది వకీలు. కేసు గెలిపించిన వకీళ్లలో చాలామంది డిక్రీ చేతిలో పెట్టి అక్కడితో వదిలేస్తారు.

డిక్రీ ప్రతులు

కోర్టు వెబ్‌సైటు నుంచి తీసిన ప్రింటు పనికిరాదు, సర్టిఫైడ్ కాపీ కావాలి. ఒకటి తీసుకుని జెరాక్సులతో సరిపెట్టొచ్చని అనుకుంటే మళ్లీ కోర్టు చుట్టూ తిరగాలి. రేషన్ కార్డుకి, మ్యాపింగ్‌కి, బ్యాంకుకి, దగ్గర ఉంచుకోవడానికి కలిపి నాలుగు అడగడం మేలు. డిక్రీ ఒక్కటే కాకుండా దానికి జతచేసిన రాజీ షరతుల కాగితం కూడా సర్టిఫై చేయించాలి. పిల్లలు తల్లి దగ్గర ఉంటారన్న మాట చాలాసార్లు ఆ జత కాగితంలోనే ఉంటుంది.

స్టాంపు కాగితం మీద పెద్దమనుషులు రాయించిన ‘విడాకులు’ ఈ పనికి అక్కరకు రావు. హిందూ వివాహ చట్టంలో ఆచారం ప్రకారం విడాకులకు చోటుంది (సెక్షన్ 29(2)). కానీ ఆ ఆచారం ఉందని రుజువు చేయాల్సింది కోర్టులో, సచివాలయం కౌంటరులో కాదు. డెల్టాలో ఇలాంటి కాగితాలతో పదేళ్లుగా విడిగా ఉంటున్నవాళ్లు చాలామంది. పిల్లలు ఇంటర్‌లోకి వచ్చినప్పుడే కోర్టులో పిటిషను వేస్తే డిగ్రీకి వచ్చేసరికి ఏదో ఒక ఉత్తర్వు చేతిలో ఉంటుంది.

ఆధార్

మ్యాపింగ్ విడదీయకముందే తల్లి, కూతురు, కొడుకు ముగ్గురి ఆధార్‌లోనూ కొత్త చిరునామా పడాలి. తల్లి పుట్టింటికి వచ్చేసరికి ఆమె పేరున కరెంటు బిల్లూ ఉండదు, ఇంటి పన్నూ ఉండదు. ‘కుటుంబ పెద్ద’ ఆధారంగా చిరునామా మార్చుకునే దారి ఉంది. తల్లి చిరునామా ముందు మార్చి, ఆ తర్వాత పిల్లలు ఆమెను పెద్దగా చూపించి అభ్యర్థన పెడితే, ఆమె 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అభ్యర్థన పోతుంది, ఫీజు 75 రూపాయలు తిరిగిరావు. కాబట్టి తల్లి ఆధార్‌కి పనిచేస్తున్న ఫోన్ నంబరు ముందే ఉండాలి. ఈ ఇంట్లో ఆమె ఆధార్‌కి ఉన్న నంబరు భర్తది. ఓటీపీలన్నీ పాలకొల్లు వెళ్లాయి. ఈ ఒక్క కారణంతో మూడు వారాలు పోయాయి.

ఇంకొక హెచ్చరిక. విడాకుల తర్వాత పుట్టింటి ఇంటిపేరు మళ్లీ పెట్టుకోవాలని తల్లికి ఉండవచ్చు, అది ఆమె హక్కు. కానీ పదో తరగతి మెమోలో తల్లి పేరు పాత ఇంటిపేరుతో ఉంటే, ఆమె ఆధార్‌లో పేరు మారిన నాటి నుంచి పిల్లల ప్రతి దరఖాస్తులోనూ ‘పేరు సరిపోలలేదు’ మొదలవుతుంది. పిల్లలిద్దరి చదువూ అయ్యేదాకా ఆగమన్నదే ఇక్కడ ఇచ్చిన సలహా. తండ్రి పేరు మాత్రం ఎక్కడా మార్చనక్కర్లేదు, మార్చకూడదు. ఫారంలో తండ్రి గడి ఖాళీగా వదిలేస్తే మెమోతో తేడా వస్తుంది. పేరు ఉన్నంత మాత్రాన ఆయన ఆదాయం కలవదు. కలిసేది మ్యాపింగ్ వల్లే.

ఇంటి మ్యాపింగ్ విడదీయడం: అసలు చిక్కు ఇక్కడే

విభజన దరఖాస్తు పాత ఇల్లు ఏ సచివాలయం కింద ఉందో అక్కడ మొదలవ్వాలి. అంటే తల్లి మలికిపురం నుంచి పాలకొల్లు వైపు వెళ్లాలి. కోనసీమ ఒక జిల్లా, పశ్చిమ గోదావరి ఇంకొకటి, మధ్యలో నది. ఇక్కడి వాళ్లు “మా దగ్గర కాదు, అక్కడికి వెళ్లండి” అంటారు. అక్కడి వాళ్లు “మీరిప్పుడు ఇక్కడ ఉండటం లేదు కదా” అంటారు. ఇద్దరి దగ్గరా నోటిమాట మీద ఆగకుండా దరఖాస్తు ఇచ్చి రసీదు నంబరు తీసుకుంటేనే ఆ ఆట ఆగుతుంది. రసీదు లేని దరఖాస్తుకి తేదీ ఉండదు, తేదీ లేనిదానికి ఫిర్యాదూ ఉండదు.

వేలిముద్రలు వేయాల్సింది విడిపోయే ముగ్గురు. పిల్లలకు కాలేజీ, బడి ఉన్న రోజున కాకుండా ముగ్గురూ ఒకేసారి వెళ్లగలిగే రోజు చూసుకోవాలి. అల్లిక పని, కొబ్బరి వలుపు, రొయ్యల ప్లాంటులో పని చేసేవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోవడం ఈ ప్రాంతంలో రోజూ చూసేదే. కనుపాప లేదా ముఖం గుర్తింపుతో చేయమని అడగవచ్చు.

విభజన అయింది. రెండు వారాల తర్వాత మళ్లీ సరిచూస్తే మళ్లీ అనర్హత, ఈసారి కారణం ఒక్కటే: నాలుగు చక్రాల బండి. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. జరిగింది ఇది. తల్లి ఉంటున్నది తమ్ముడి ఇంట్లో. కొత్త సచివాలయంలో చిరునామా చూసి, డోర్ నంబరు ఒకటే కాబట్టి ముగ్గుర్నీ ఆ తమ్ముడి ఇంటి కిందకే చేర్చేశారు. ఆయనకు చెరువులున్నాయి, కారుంది. ఇక అమ్మాయి దరఖాస్తుకి అడ్డం తండ్రి కాదు, మేనమామ.

ఒకే డోర్ నంబరులో రెండు ఇళ్లు, అంటే రెండు కుటుంబాలు ఉండవచ్చు. వేరు వంట, వేరు రేషన్, వేరు సంపాదన ఉంటే వేరు కుటుంబమే. విభజన దరఖాస్తులోనే ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే రెండో తిరుగుడు తప్పేది: “ఈ డోర్ నంబరులో ఉన్న కుటుంబంలో మమ్మల్ని చేర్చవద్దు, ముగ్గురినీ ప్రత్యేక కుటుంబంగా నమోదు చేయండి.” పుట్టింటికి చేరిన ఏ తల్లికైనా ఈ దస్త్రం నుంచి ఒక్కటే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాం.

రేషన్ కార్డు లేకపోయినా

రైస్ కార్డు (బియ్యం రేషన్ కార్డు) విభజనలకు 2025 మే నెలలో మళ్లీ దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. డిక్రీ జతచేసి వేరు కార్డుకి పెట్టడం మంచిదే. కానీ కార్డు వచ్చేదాకా రీయింబర్స్‌మెంట్ రాదనుకోవడం పొరపాటు. రైస్ కార్డు హద్దులు ఇంకా కటువు: పల్లెల్లో నెలకు 10,000 ఆదాయం, మాగాణి 3 ఎకరాలు, కరెంటు 300 యూనిట్లు. ఫీజు పథకం హద్దు ఏడాదికి 2,50,000. కార్డు రాని ఇంటికి కూడా ఆదాయ ధ్రువపత్రంతో ఫీజు వస్తుంది. ఈ ఇంట్లో కార్డు రాలేదు. ఏడాదికి 1,20,000 దాటింది కాబట్టి రాదు కూడా.

1,50,000 ఎలా వచ్చింది

వీఆర్వో విచారణకు వచ్చినప్పుడు తడుముకోకుండా చెప్పాల్సిన లెక్క ఇది. అల్లికల మీద నెలకు 4,000 చొప్పున ఏడాదికి 48,000. పిల్లల పోషణకు వచ్చే 5,000 చొప్పున 60,000. బ్యాంకులో వేసిన 6 లక్షల మీద 7 శాతం వడ్డీ 42,000. మొత్తం 1,50,000.

చాలామంది పోషణ డబ్బును దాచేస్తారు, “అది ఆదాయం కాదు కదండీ” అని. దాచాల్సిన అవసరమే లేదు, చేర్చినా పరిమితికి లక్ష దూరంలో ఉంది. దాస్తే మాత్రం ప్రమాదం. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలి. ఆ అఫిడవిట్‌లో ఒక అంకె, తహసీల్దారు దగ్గర ఇంకొక అంకె ఉంటే రేపు పోషణ పెంచమని పిటిషను వేసినప్పుడు అవతలి వకీలు ఆ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెడతాడు. ఎక్కడ చెప్పినా ఒకే లెక్క చెప్పాలి.

వడ్డీ 50,000 లోపు ఉంది కాబట్టి బ్యాంకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోయదు. మొత్తం డబ్బు ఒకే బ్యాంకులో ఎక్కువ వడ్డీకి వేయడం వల్ల ఆ గీత దాటిపోకుండా చూసుకుంటే చాలు. తల్లి పేరున అనవసరంగా రిటర్ను వేయకూడదు. గోల్డ్ లోనుకో బండి లోనుకో పనికొస్తుందని ఎవరో చెబితే సున్నా పన్నుతో రిటర్ను వేసి, ‘పన్ను కట్టేవారు’ గడిలో అవును పడి తలపట్టుకున్న ఇళ్లున్నాయి.

ఖాతా ఎవరి చేతిలో ఉంది

ఈ పథకానికి విద్యా దీవెన పేరున్న రోజుల్లో ఫీజు తల్లి ఖాతాకి వచ్చేది. 2024-25 నుంచి ట్యూషన్ ఫీజును నేరుగా కాలేజీకే ఇచ్చే పద్ధతికి మారారు. అయినా విద్యార్థి ఖాతా అక్కర్లేదని కాదు, హాస్టల్ ఖర్చు గానీ కేంద్రం స్కాలర్‌షిప్పు గానీ ఆధార్‌కి ముడిపడిన ఖాతాకే వస్తుంది. ముడి అంటే బ్యాంకు చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో చివరగా సీడింగ్ అయిన (ఆధార్‌తో జోడైన) ఖాతా, ఫారంలో రాసింది కాదు.

ఈ అమ్మాయి ఆధార్‌కి ముడిపడి ఉన్నది ఆరో తరగతిలో పాలకొల్లులో తెరిచిన మైనరు ఖాతా. సంరక్షకుడి సంతకం తండ్రిది, ఏటీఎం కార్డు తండ్రి దగ్గర. మలికిపురంలో కొత్త ఖాతా తెరిచి ఆ పాస్‌బుక్కు కాలేజీలో ఇచ్చినంత మాత్రాన డబ్బు దారి మారదు. కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ సమ్మతి ఫారం ఇచ్చి, పాత బ్యాంకు నుంచి ముడి మార్చమని అందులో టిక్కు పెట్టాలి. వారం తర్వాత ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసి కొత్త బ్యాంకు పేరు కనబడితేనే నమ్మాలి. తండ్రి తీసుకుంటాడన్న అనుమానంతో చెప్పడం లేదు. వాడకం లేక మూలపడిన ఖాతాలోకి డబ్బు చేరి, ఆరు నెలలు ఎవరికీ తెలియకపోవడమే ఎక్కువగా జరిగేది.

ఈలోగా కాలేజీ

అనర్హత పడిన వారంలోనే కాలేజీ ఆఫీసు 70,000 కట్టమంది. కట్టకపోతే సెమిస్టరు హాల్‌టికెట్ ఆపుతామంది. ఇక్కడ మూడు కాగితాలు కలిపి ప్రిన్సిపాల్‌కి ఇచ్చారు: డిక్రీ నకలు, విభజన రసీదు, మళ్లీ సరిచూడమని పెట్టిన అర్జీ రసీదు. ప్రభుత్వం నుంచి రాకపోతే కడతామన్న హామీపత్రం ఇవ్వడంలో తప్పులేదు. తేదీ లేని చెక్కు మాత్రం ఇవ్వకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పటికే కాలేజీ దగ్గర ఉంటే వాటికి రసీదు అడగాలి.

రెండో విభజన నలభై రోజులు కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజల ఫిర్యాదుల పరిష్కార వేదిక) అర్జీ ఇచ్చారు. వెళ్లలేనివాళ్లు 1100కి ఫోన్ చేయవచ్చు. అర్జీలో గతం అంతా రాయకూడదు. రసీదు నంబరు, తేదీ, ఏ గడిలో ఏ తప్పు పడింది, ఏం కావాలి: నాలుగు వరుసలు. భర్త ఎలాంటివాడో రాసిన మూడు పేజీల అర్జీ మహిళా సంక్షేమం వైపు వెళ్లిపోతుంది, మ్యాపింగ్ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

రీయింబర్స్‌మెంట్ రాకపోతే

ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) ప్రగతి పథకం ఇంజనీరింగ్ మొదటి ఏడాది అమ్మాయిలకు, ఏడాదికి 50,000. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా. ఇంటర్‌లో 80 పర్సంటైల్ దాటినవారికి కేంద్ర రంగ స్కాలర్‌షిప్పు మొదటి మూడేళ్లు 12,000, నాలుగో ఏడాది 20,000, పరిమితి 4.5 లక్షలు. రెండూ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందు ముఖం గుర్తింపుతో ఓటీఆర్ (ఒక్కసారే చేసుకునే నమోదు) నంబరు తీసుకోవాలి. రెండో దానికి రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌తో పొత్తు కుదరదు. 70,000 వదులుకుని 12,000 తీసుకునే బేరం ఎవరూ చేయరు కానీ, తెలియక రెండూ పెట్టి రెండుచోట్లా ఆగిపోయినవాళ్లున్నారు. వరస ఇదీ: మ్యాపింగ్ త్వరగా బాగుపడకపోతే ప్రగతికి పెట్టాలి, గడువు దాటనివ్వకూడదు.

బ్యాంకు లోను చివరి మాట. 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. సహ రుణగ్రహీతగా తల్లి చాలు, తండ్రి సంతకం తేవాలన్న నిబంధన లేదు. మేనేజరు అడిగితే డిక్రీ చూపించి, తిరస్కరణ ఉంటే కాగితం మీద రాసివ్వమనాలి. అలా అడిగాక సాధారణంగా తండ్రి సంతకం సంగతి మరుగున పడుతుంది.

ఎక్కడిదాకా వచ్చింది

డిసెంబరు మూడో వారంలో తల్లి, కూతురు, కొడుకు ప్రత్యేక కుటుంబంగా నమోదయ్యారు. మళ్లీ సరిచూస్తే అన్ని గడుల్లో ‘లేదు’ వచ్చింది. మొదటి ఏడాది ఫీజు అర్హుల జాబితాలో పేరు పడింది. రెండో ఏడాది రెన్యువల్‌కి ముందు జూన్‌లోనే సచివాలయంలో ఇంటి సభ్యుల పట్టిక మరోసారి చూసుకోవాలి. డేటా తాజాపరిచినప్పుడు విడిపోయినవాళ్లు మళ్లీ కలిసిపోవడం లేకపోలేదు. హాజరు 75 శాతం కంటే తగ్గితే మాత్రం ఈ శ్రమంతటినీ ఏ మ్యాపింగూ కాపాడలేదు.

మిగిలింది కొడుకు సంగతి. రాజీ షరతుల్లో పోషణ నెలకు 5,000 అని ఉంది, ఎప్పటిదాకా అని లేదు, కాలేజీ ఫీజు మాటే లేదు. కూతురికి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20(3) కింద పెళ్లి అయ్యేదాకా, తన్ను తాను పోషించుకోలేకపోతే, తండ్రిని అడిగే హక్కుంది. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. అదే చట్టంలో కొడుక్కి ఆ హక్కు మైనారిటీ తీరేదాకానే. వాడికి 18 నిండేది ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో, సరిగ్గా డబ్బు కావాల్సిన వేళకి. అందుకని ఇప్పుడే, వాడింకా మైనరుగా ఉండగానే, ఒప్పందానికి ఒక అనుబంధం రాయించి కోర్టులో దాఖలు చేయమన్నాం: డిగ్రీ పూర్తయ్యేదాకా లేదా 22 ఏళ్లు నిండేదాకా, రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలిన ఫీజులో సగం తండ్రి ఏటా జులై 31 లోపు నేరుగా కాలేజీకే కట్టాలి, ఫారాల మీద అడిగిన సంతకాలు వారంలో పెట్టాలి. తండ్రి ఒప్పుకున్నాడు, జులై 31 బదులు ఆగస్టు 15 అన్నాడు. ఆ తేదీతోనే కాగితం తయారవుతోంది.